61 కిలోల మనిషికి ఫ్యాటీ లివర్: ఇక ఏ బరువు తగ్గించుకోవాలి?

కొత్తపేట గుమాస్తా
జనవరి 11, రాత్రి 11.40

అందరికీ నమస్కారం. నా వయసు 36, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు. పెళ్లినాటి చొక్కా ఇప్పటికీ పడుతుంది. మద్యం ముట్టను, సిగరెట్ అలవాటు లేదు. బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను.

పోయిన వారం నడుము పక్కన నొప్పి వస్తే కిడ్నీలో రాయేమోనని స్కానింగ్ తీశారు. రాయి లేదు. కానీ కాగితం చివర రెండో గ్రేడు ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో కొవ్వు చేరిందని రాసి ఉంది. డాక్టర్ గారు ఆ కాగితం చదువుతూనే "బరువు తగ్గండి, నూనె తగ్గించండి" అన్నారు. ఆ తర్వాత నన్ను చూసి కాసేపు ఆగి, "సరే, ఆరు నెలలకు మళ్లీ స్కాన్ చేయిద్దాం" అని పంపించేశారు.

ఇంట్లో అమ్మ ఒకటే గొడవ. సరిగా తినక లివర్ పాడు చేసుకున్నానని ఆవిడ నమ్మకం. నేనేమో భయపడి వారం రోజులుగా రాత్రి భోజనం మానేశాను. కిలో తగ్గాను. దుకాణంలో సాయంత్రానికి కళ్లు తిరుగుతున్నాయి. నేను చేస్తున్నది సరైనదేనా? లావుగా ఉన్నవాళ్లకు వచ్చే జబ్బు నాకెందుకు వచ్చింది? తెలిసినవారు చెప్పండి.

పాత సూక్ష్మదర్శిని
జనవరి 12, ఉదయం 6.15

తమ్ముడూ, ముందు రాత్రి భోజనం మొదలుపెట్టు. పస్తులుండి గబగబా బరువు తగ్గితే కాలేయంలోకి కొవ్వు ఇంకా ఎక్కువగా చేరే ప్రమాదముంది.

నేను ల్యాబులో 22 ఏళ్లుగా పని చేస్తున్నాను. స్కాన్ కాగితం ఒక్కటి చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. పరగడుపున రక్తం ఇచ్చి ఈ అంకెలు తెచ్చుకో: ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (కాలేయ ఎంజైములు), ప్లేట్‌లెట్లు, పరగడుపు చక్కెర, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల చక్కెర సగటు), ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్). పెద్ద ప్యాకేజీలు అక్కర్లేదు, ఇవి చాలు.

ఇంకొకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. నువ్వు బట్టల దుకాణంలోనే ఉంటావు కాబట్టి టేపు చేతిలోనే ఉంటుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, చొక్కా ఎత్తి, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. పొట్ట లోపలికి పీల్చకూడదు. ప్యాంటు సైజు మాత్రం చెప్పొద్దు. ప్యాంటు బొడ్డు కిందకు జారుతుంది, పొట్ట దానిపైన ఉంటుంది.

మంజీర తీరం
జనవరి 12, ఉదయం 9.02

ఈ విషయంలో నా అభిప్రాయం వేరు. ఈ రోజుల్లో ఎవరికి స్కాన్ తీసినా ఫ్యాటీ లివర్ అనే రాస్తున్నారు. మా కార్యాలయంలో పదిమందికి పరీక్షలు చేయిస్తే ఆరుగురికి అదే మాట. ఆ ఆరుగురూ నెల రోజులు నిద్రపోలేదు. ఒకాయన చేత ఇరవై వేల రూపాయల పరీక్షలు చేయించారు, చివరికి ఏమీ లేదన్నారు. సన్నగా, ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఇలా బెదరగొట్టడం న్యాయం కాదు. గుమాస్తా గారూ, మీరు హాయిగా తినండి, నడవండి, మర్చిపోండి.

వనమూలిక
జనవరి 12, మధ్యాహ్నం 1.30

నేల ఉసిరి సమూలంగా దంచి పసరు తీసి, మండలం రోజులు పరగడుపున మజ్జిగలో తాగండి. తోడుగా తిప్పతీగ కషాయం. మా తాతగారు ఊరందరికీ కామెర్లకు పసరు ఇచ్చేవారు.

పాత సూక్ష్మదర్శిని
జనవరి 12, మధ్యాహ్నం 2.10

వనమూలిక గారూ, మీ తాతగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. కామెర్లు చాలావరకు హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వల్ల వస్తాయి, వాటిలో ఎక్కువ భాగం కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పేరు పసరుకు దక్కుతుంది. కాలేయంలో కొవ్వు అలాంటిది కాదు. కరోనా రోజుల్లో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఇప్పటికే ఇబ్బందిలో ఉన్న కాలేయానికి మోతాదు తెలియని పసరు పోయడం నాకు భయంగా ఉంది. తమ్ముడూ, ఇది మాత్రం వద్దు.

కొత్తపేట గుమాస్తా
జనవరి 14, రాత్రి 10.55

అక్కా, పరీక్షలు చేయించాను. ఎస్‌జీఓటీ 38, ఎస్‌జీపీటీ 52, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. పరగడుపు చక్కెర 108, హెచ్‌బీఏ1సీ 5.9. ట్రైగ్లిజరైడ్లు 238, హెచ్‌డీఎల్ 34. రాత్రి భోజనం కూడా మొదలుపెట్టాను.

నడుము సంగతి. నిన్న రాత్రి షట్టరు దించాక మా దుకాణంలో కొలతలు తీసే పెద్దాయన చేత కొలిపించాను. ఆయన అలవాటు కొద్దీ టేపు ప్యాంటు బెల్టు దగ్గర పెట్టి 32 అంగుళాలు అన్నారు. అక్కడ కాదు బాబాయ్, పైన అని చొక్కా ఎత్తాను. టేపు తిప్పి, చూసి, మళ్లీ తిప్పారు. 88 సెంటీమీటర్లు, అంటే దాదాపు 35 అంగుళాలు. "నీ చేతులు చూస్తే పుల్లల్లా ఉన్నాయి, ఈ పొట్ట ఎక్కడ దాచావు" అన్నారాయన. అద్దంలో పక్కకు తిరిగి చూసుకున్నాను. ఇన్నేళ్లుగా చొక్కా వదులుగా వేసుకోవడం వల్ల నాకే తెలియలేదు.

కానీ మగవాళ్లకు 90 దాకా పరవాలేదని చదివాను. నాది 88 కదా?

ఇందూరు ఫిజీషియన్
జనవరి 15, ఉదయం 5.50

గుమాస్తా గారూ, ఉదయం ఓపీకి వెళ్లేలోపు మీకు వివరంగా రాయాలనిపించింది. ఇలాంటి వారిని నేను వారానికి ఇద్దరు ముగ్గురిని చూస్తున్నాను. దాదాపు అందరికీ "మీరు సన్నగానే ఉన్నారుగా" అన్న మాటే అడ్డం పడి నాలుగైదేళ్లు ఆలస్యమవుతోంది.

ముందు భయం తీరుస్తాను. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగింటితో ఫిబ్-4 అనే లెక్క ఒకటి ఉంది. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించి, వచ్చినదానితో దాన్ని భాగించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోవాలి, మీ విషయంలో 240. మీకు 0.79 వచ్చింది. 1.3 లోపు ఉంటే కాలేయంలో ముదిరిన మచ్చలు, అంటే ఫైబ్రోసిస్, ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే నిపుణుల దగ్గరకు వెళ్లాలి. 65 ఏళ్లు దాటినవారికి కింది హద్దు 2. కాబట్టి ఈ రోజు మీ కాలేయం ప్రమాదంలో లేదు. మంజీర తీరం గారు అన్నట్లు ఇరవై వేల పరీక్షలు అవసరం లేదు.

అయితే మర్చిపొమ్మన్న మాటతో మాత్రం ఏకీభవించలేను. మీ మిగతా అంకెలు చూడండి. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి, 238 ఉన్నాయి. హెచ్‌డీఎల్ 40 పైన ఉండాలి, 34 ఉంది. చక్కెర 100 దాటింది, హెచ్‌బీఏ1సీ 5.7 దాటింది. అంటే మధుమేహం గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నడుము 88 అంటే 90 లోపే, నిజమే. కానీ ఎత్తులో సగం దాటకూడదన్న లెక్క చూస్తే మీ హద్దు 84. ఫ్యాటీ లివర్ ఉన్నవారి ప్రాణం తీసేది ఎక్కువగా గుండె జబ్బే.

ఇక ఎందుకు వచ్చిందన్న ప్రశ్న. మా నాన్నగారి ఇంట్లో వెదురు గాదె ఉండేది. పంట ఎక్కువైన ఏడాది గాదె నిండిపోయి, బస్తాలు వసారాలోకి, ఆ తర్వాత పడకగదిలోకి, చివరికి వంటింట్లోకి వచ్చేవి. చర్మం కింద ఉండే కొవ్వు మన గాదె. మిగులు శక్తిని దాచుకోవడానికి అది మంచి చోటు, అక్కడున్నంత కాలం పెద్దగా హాని లేదు. కొందరి గాదె పెద్దది, 90 కిలోలు వచ్చినా నిండదు. కొందరిది పుట్టుకతోనే చిన్నది, 60 కిలోలకే నిండిపోతుంది. ఆపైన తిన్నదంతా కాలేయంలోకీ క్లోమంలోకీ పేగుల చుట్టూకీ చేరుతుంది. మనిషి బయటికి సన్నగానే కనిపిస్తాడు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌కు చెందిన రాయ్ టేలర్ అనే వైద్యుడు ఒక్కొక్కరికి ఒక్కో కొవ్వు హద్దు ఉంటుందని 2015లో చెప్పింది ఇదే.

మన దేశస్థుల గాదె సగటున చిన్నదే. పుణెలో యాజ్ఞిక్ అనే వైద్యుడు, లండన్‌లో యుడ్కిన్ అనే వైద్యుడు 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఫొటో పక్కపక్కనే వేయించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి వేసే బరువు లెక్క, 22.3. లండన్ ఆయన శరీరంలో కొవ్వు 9.1 శాతం, పుణె ఆయన శరీరంలో 21.2 శాతం. ఎత్తు, బరువుల లెక్క ఒకటే, లోపల కొవ్వులో రెండింతలకు పైగా తేడా. తల్లి కడుపులో ఉన్నప్పుడే ఇది మొదలవుతుంది. పుణె శిశువులు సగటున 2.7 కిలోలతో, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులు 3.5 కిలోలతో పుట్టారు. మన శిశువుల్లో తగ్గింది ఎక్కువగా కండ, కొవ్వు అంతగా తగ్గలేదు.

ఇది పట్నం జబ్బు అనుకునేవారి కోసం ఇంకొక్క మాట. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో 1,911 మందిని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. అక్కడివారి సగటు బీఎంఐ 19.6. పేదవారు, కష్టజీవులు. అయినా 8.7 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉంది. వారిలో నాలుగింట మూడొంతుల మందికి బీఎంఐ 25 లోపే.

సన్నగా ఉన్నవారి విషయంలో ఇతర కారణాలు లేవని ఒకసారి తేల్చుకోవడం మా బాధ్యత. హెపటైటిస్ సి, థైరాయిడ్ లోపం, రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు, గోధుమ పడని సీలియాక్ జబ్బు వంటివి. స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్, టామాక్సిఫెన్, అమియోడరోన్, మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ వాడుతున్నారా? హెపటైటిస్ సి, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. మీ డాక్టర్ గారికి ఈ అంకెలన్నీ చూపించండి, ఆయనతోనే కొనసాగండి.

మంజీర తీరం
జనవరి 15, ఉదయం 8.20

డాక్టర్ గారూ, ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. నా ఆవేదన ఆ ఇరవై వేల గురించే. ఫిబ్-4 లెక్క ఎవరైనా మా వాళ్లకు ముందే చెప్పి ఉంటే అయిపోయేది. అయినా సన్నగా ఉన్నవారిలో ఇది నిజంగా ముదురుతుందా? ఉన్నా ఏమీ కాదని ఎక్కడో చదివాను.

ఇందూరు ఫిజీషియన్
జనవరి 15, రాత్రి 9.45

చాలాకాలం మేమూ అలాగే అనుకున్నాం. స్వీడన్‌లో బయాప్సీతో, అంటే కాలేయం ముక్క తీసి పరీక్షించి, ఫ్యాటీ లివర్ నిర్ధారించిన 646 మందిని సగటున ఇరవై ఏళ్లపాటు గమనించి 2018లో ఫలితాలు చెప్పారు. సన్నగా ఉన్నవారికి మొదట్లో మచ్చలు తక్కువగానే ఉన్నాయి. కానీ తీవ్రమైన కాలేయ జబ్బులోకి జారే ముప్పు, అధిక బరువున్న వారితో పోలిస్తే, రెండున్నర రెట్లకు పైగా కనిపించింది. అన్ని అధ్యయనాలూ ఇంత తేడా చూపలేదు. కానీ సన్నతనం రక్షణ కాదని చెప్పడానికి ఇది చాలు. మన కేంద్ర ప్రభుత్వం కూడా మధుమేహం, గుండె జబ్బుల జాతీయ కార్యక్రమంలో ఫ్యాటీ లివర్‌ను 2021లో చేర్చింది.

ఆస్టిన్ వలస
జనవరి 16, ఉదయం 7.30

ఇక్కడ అమెరికాలో నాకూ ఇదే జరిగింది. బీఎంఐ 24 ఉంటే మా డాక్టర్ చాలా బాగున్నారని మెచ్చుకున్నారు. ఆసియా వారికి 23కు చేరినా మధుమేహ పరీక్ష చేయాలని అమెరికా మధుమేహ సంఘం 2015 నుంచే చెబుతోందని నేనే చూపించాల్సి వచ్చింది. చేస్తే హెచ్‌బీఏ1సీ 6.1.

జబ్బు పేరు కూడా 2023లో మారింది. మద్యం వల్ల రానిది అన్న పాత పేరు తీసేసి, జీవక్రియ లోపంతో వచ్చేది అన్న అర్థంలో ఎంఏఎస్‌ఎల్‌డీ అంటున్నారు. నాకు ఆ మార్పు నచ్చింది. పాత పేరు వింటే ప్రతి ఒక్కరూ "నిజం చెప్పు, తాగుతావా" అని అడిగేవారు.

రేగుపండు
జనవరి 16, మధ్యాహ్నం 3.15

ఆడవాళ్ల సంగతి కూడా రాయండి. నాకు 27 ఏళ్లు, 49 కిలోలు, పీసీఓఎస్ (అండాశయాల, హార్మోన్ల సమస్య) ఉంది. స్కాన్‌లో అండాశయాల గురించి మాట్లాడారు తప్ప, అదే కాగితంలో కాలేయం గురించి ఉన్న వాక్యం ఎవరూ చదవలేదు.

ఇందూరు ఫిజీషియన్
జనవరి 16, రాత్రి 10.05

అమ్మా, రెండింటి వెనకా ఉన్నది చాలావరకు ఒక్కటే, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం. పీసీఓఎస్ ఉన్నవారు సన్నగా ఉన్నా చక్కెర, ట్రైగ్లిజరైడ్లు, ఎస్‌జీపీటీ చూపించుకోవాలి. ఆడవారికి నడుము హద్దు 80 సెంటీమీటర్లు, హెచ్‌డీఎల్ 50 పైన ఉండాలి.

అలసందలు
జనవరి 17, ఉదయం 10.40

నేను ఆహార నిపుణురాలిని. ఇంతమంది ఇంత రాశారు, ఆయన కంచంలో ఏముందో ఎవరూ అడగలేదు. గుమాస్తా గారూ, ఒక మామూలు రోజు తిన్నదంతా రాయండి. అన్నం మాత్రం కళ్లతో అంచనా వేయకండి. వంటింటి కాటా ఉంటే తూయండి.

కొత్తపేట గుమాస్తా
జనవరి 18, రాత్రి 11.30

కాటా లేదండీ. మా ఆవిడ పక్కింటి కేకులు చేసే అమ్మాయి దగ్గర అడిగి తెచ్చింది. రోజూ వడ్డించినట్టే వడ్డించి, ఖాళీ కంచం బరువు తీసేస్తే రాత్రి అన్నం 430 గ్రాములు. కూర రెండు గరిటెలు. పప్పు ఒక గరిటె, అదీ నీళ్లగా. చివర్లో పెరుగన్నం, పచ్చడి. దుకాణం మూసి వచ్చేసరికి పదిన్నర. పదకొండున్నరకు పడుకుంటాను.

ఉదయం నాలుగు ఇడ్లీలు లేదా ఉప్మా. మధ్యాహ్నం క్యారియర్‌లో అన్నం, దాదాపు అంతే ఉంటుంది. దుకాణంలో టీ ఐదుసార్లు, గ్లాసుకు రెండు చెంచాల చక్కెర. సాయంత్రం బిస్కెట్లు, వారంలో మూడు రోజులు మిరపకాయ బజ్జీలు. ఆదివారం తప్ప నడక లేదు, కూర్చునే ఉంటాను. ఇన్నాళ్లూ నేను తక్కువ తినేవాణ్ణి అనే అనుకున్నాను.

అలసందలు
జనవరి 19, ఉదయం 11.20

మీరు తక్కువే తింటున్నారు. కానీ తినేదంతా ఒకే రకం.

వండిన అన్నం 430 గ్రాములంటే అందులో పిండిపదార్థం 120 గ్రాముల దాకా ఉంటుంది. అది పదిన్నరకు లోపలికి వెళ్తుంది, పదకొండున్నరకు మీరు పడుకుంటారు. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా కండరాలు తీసుకోవాలి. మీ పెద్దాయన అన్నారే, చేతులు పుల్లల్లా ఉన్నాయని? మీ రిపోర్టుల కంటే ఆ మాటే నాకు ఎక్కువ చెప్పింది. కండ లేదు, ఉన్న కండ కదలడం లేదు. ఇక ఆ చక్కెర కాలేయానికి వెళ్లి కొవ్వుగా మారుతుంది.

నూనె తగ్గించమన్న సలహా తప్పు కాదు గానీ, అసలు సంగతి అది కాదు. కాలేయంలో కొవ్వు ఎక్కడి నుంచి వస్తుందో 2005లో అమెరికాలో రోగుల మీద లెక్క తీశారు. 59 శాతం ఒంట్లో ఉన్న కొవ్వు కరిగి రక్తంలోంచి వచ్చింది, 26 శాతం కాలేయమే చక్కెరల నుంచి తయారు చేసుకుంది, తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. మా దగ్గరకు వచ్చేవారిలో నూనె పూర్తిగా మానేసి, ఆ లోటు అన్నంతో, మరమరాలతో, పళ్లరసాలతో పూడ్చుకుని, ట్రైగ్లిజరైడ్లు పెంచుకున్నవారు ఎంతమందో.

మీరు చేయాల్సింది ఇది. అన్నం మానొద్దు. మా అమ్మమ్మ గిద్దతో కొలిచి ఎసట్లో పోసేది. ఎవరికి ఎంతో ఆవిడకు లెక్క ఉండేది. మీరూ కొలవండి. పూటకు 150 నుంచి 180 గ్రాముల వండిన అన్నం చాలు. మిగిలిన చోటు గట్టి పప్పు, గుడ్లు, చేపలు, సెనగలు, అలసందలు, పెరుగుతో నింపండి. ఇడ్లీల బదులు వారంలో మూడు రోజులు పెసరట్టు, ఉప్మా లేకుండా. కూర మొదట తినండి, అన్నం తర్వాత. రాత్రి భోజనం క్యారియర్‌లో తెప్పించుకుని ఎనిమిదికే దుకాణంలో తినేయండి. టీ రెండుసార్లు చాలు, చక్కెర లేకుండా. కాఫీ ఇష్టమైతే చక్కెర లేకుండా తాగవచ్చు. కాఫీ తాగేవారి కాలేయంలో మచ్చలు తక్కువగా ఉంటాయని చాలా పరిశీలనల్లో తేలింది.

నడకతో పాటు బరువులు. ఇది మాత్రం వదలొద్దు. సన్నగా ఉన్నవారు నడిచి నడిచి ఉన్న కండ కూడా పోగొట్టుకుంటారు. వ్యాయామశాల అక్కర్లేదు. గుంజీలు, గోడకు చేతులు ఆనించి దండీలు, నీళ్ల బిందె ఎత్తడం. రోజు విడిచి రోజు, అరగంట.

బరువు రెండు మూడు కిలోలు తగ్గితే చాలు. హాంకాంగ్‌లో ఏడాదిపాటు చేసిన ప్రయోగం 2018లో వచ్చింది. బీఎంఐ 25 లోపు ఉన్నవారు ఆహారం, వ్యాయామం పాటిస్తే 67 శాతం మందికి కాలేయంలో కొవ్వు పోయింది. ఏమీ చేయనివారిలో 18 శాతమే. బీఎంఐ 25 లోపు ఉన్నవారిలో సగం మందికి ఒంటి బరువులో 3 నుంచి 5 శాతం తగ్గడమే సరిపోయింది. లావుగా ఉన్నవారికి 7 నుంచి 10 శాతం కావాల్సి వచ్చింది. మీ లాంటి వారికి ఇది తొందరగా వినే జబ్బు.

కొత్తపేట గుమాస్తా
జనవరి 19, రాత్రి 10.10

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రేపటి నుంచే మొదలు. ఎనిమిదికి తినడానికి మా యజమాని ఒప్పుకున్నారు. అమ్మకు ఎలా చెప్పాలో తెలియక మీ గిద్ద మాట చదివి వినిపించాను. అటక మీద నుంచి మా నాన్నమ్మ ఇత్తడి గిద్ద దింపింది.

తుంగభద్ర
ఫిబ్రవరి 2, తెల్లవారుజాము 1.25

చాలా రోజులుగా మీరందరూ రాసేది చదువుతున్నాను. మొదటిసారి రాస్తున్నాను. తప్పుంటే మన్నించండి.

మా నాన్నకు 58 ఏళ్లు, 52 కిలోలు. ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర కూర్చునే ఉద్యోగం. పదకొండేళ్లుగా షుగర్ ఉంది. జీవితంలో చుక్క మద్యం తాగలేదు. డాక్టర్ గారు రాసిన ఫిబ్-4 లెక్క చదివి, ఆడుకుంటున్నట్టే నాన్న పాత కాగితాలు తీసి వేశాను. ఎస్‌జీఓటీ 61, ఎస్‌జీపీటీ 44, ప్లేట్‌లెట్లు 1.3 లక్షలు. 4.1 వచ్చింది. నా లెక్క తప్పేమోనని నాలుగుసార్లు వేశాను. ప్రతిసారీ అంతే.

కాగితాలన్నీ తేదీల వరుసలో పరిచి చూస్తే ప్లేట్‌లెట్లు మూడేళ్ల కిందట 1.7, పోయినేడు 1.5, ఇప్పుడు 1.3. అలసటగా ఉంటోందని నాన్న చెప్పినప్పుడల్లా షుగర్ వల్ల అనుకున్నాం. ఎస్‌జీపీటీ దాదాపు మామూలుగానే ఉందని ఎవరూ పట్టించుకోలేదు. స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అని కూడా లేదు, కాలేయం గరుకుగా ఉందని మాత్రం రాశారు. దయచేసి ఎవరైనా చూడండి. నాన్న పక్క గదిలో నిద్రపోతున్నారు.

పాత సూక్ష్మదర్శిని
ఫిబ్రవరి 2, ఉదయం 5.10

అమ్మా, ఇప్పుడే చూశాను. నీ లెక్క సరైనదే. డాక్టర్ గారికి విడిగా సందేశం పంపాను. నువ్వు తప్పేమీ చేయలేదు. ఆ కాగితాలు అలాగే వరుసలో ఉంచు.

ఇందూరు ఫిజీషియన్
ఫిబ్రవరి 2, ఉదయం 5.40

తుంగభద్ర గారూ, కంగారు పడకండి, కానీ ఆలస్యం కూడా చేయకండి. ఫిబ్-4 ఒక్కటే జబ్బును నిర్ధారించదు. అయితే 4.1, ఏటేటా తగ్గుతున్న ప్లేట్‌లెట్లు, ఎస్‌జీపీటీ కంటే ఎస్‌జీఓటీ ఎక్కువ ఉండటం, గరుకు కాలేయం, ఇవన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. మచ్చలు బాగా ముదిరాక కాలేయంలోని కొవ్వు మాయమైపోతుంది, అందుకే స్కాన్‌లో ఆ మాట లేకపోవచ్చు. ప్లేట్‌లెట్లు తగ్గడం కూడా కాలేయంలో ఒత్తిడి పెరిగి ప్లీహం వాటిని పట్టి ఉంచడం వల్ల కావచ్చు.

ఈ వారంలోనే కాలేయ నిపుణుల దగ్గరకు తీసుకెళ్లండి. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయమని అడగండి. కోత, సూది ఏమీ ఉండవు, పది నిమిషాల పని, కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా. నొప్పి మాత్రలు, పసర్లు ఏవైనా వాడుతుంటే ఆపించండి. మలం నల్లగా వచ్చినా, రక్తపు వాంతి అయినా, మనిషి తికమకపడినా అదే క్షణంలో పెద్దాసుపత్రికి.

మంజీర తీరం
ఫిబ్రవరి 2, ఉదయం 9.15

తల్లీ, మీరు కర్నూలు గానీ హైదరాబాద్ గానీ వెళ్లేట్లయితే తోడు రావడానికి మా వాళ్లున్నారు. సందేశం పెట్టండి.

తుంగభద్ర
ఫిబ్రవరి 13, రాత్రి 9.30

చూపించాం. ఫైబ్రోస్కాన్‌లో 17.2 కిలోపాస్కల్స్ వచ్చింది. సిరోసిస్, అంటే మచ్చలు ముదిరి కాలేయం గట్టిపడిపోయింది అన్నారు, కానీ అది ఇంకా తన పని చేస్తోందట. వైరస్‌లు ఏవీ లేవు. ఎండోస్కోపీలో అన్నవాహికలో చిన్నగా ఉబ్బిన రక్తనాళాలు కనిపించాయి. ఆ రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గించే కార్వెడిలాల్ మాత్ర మొదలుపెట్టారు. ఆరు నెలలకోసారి స్కాన్, క్యాన్సర్ వస్తే ముందే పట్టుకోవడానికి. నాన్న బరువు తగ్గకూడదు, మాంసకృత్తులు పెంచాలి, పడుకునే ముందు ఏదైనా కాస్త తినాలి అన్నారు.

రక్తనాళాలు పగలకముందే వచ్చారని డాక్టర్ గారు రెండుసార్లు అన్నారు. నాన్న దారిలో ఒక్కటే అడిగారు, "నేను తాగలేదని వాళ్లకు చెప్పావా అమ్మా" అని. చెప్పాను నాన్నా, వాళ్లకు తెలుసు అన్నాను.

కొత్తపేట గుమాస్తా
జూన్ 21, రాత్రి 9.05

అయిదు నెలలైంది. అంకెలు పెడుతున్నాను. బరువు 58.5, నడుము 82. ట్రైగ్లిజరైడ్లు 146, హెచ్‌డీఎల్ 39, పరగడుపు చక్కెర 96, హెచ్‌బీఏ1సీ 5.6, ఎస్‌జీపీటీ 29. హెపటైటిస్ సి, థైరాయిడ్ ఏమీ లేవు. స్కాన్‌లో మొదటి గ్రేడు అని ఉంది. గుంజీలు మొదట పది తీస్తే తొడలు పట్టేసేవి, ఇప్పుడు నలభై తీస్తున్నాను. సాయంత్రం కళ్లు తిరగడం లేదు.

పెళ్లిళ్ల కాలంలో దుకాణం రాత్రి పన్నెండు దాకా ఉండటంతో మే నెలంతా అస్తవ్యస్తమైంది. బిర్యానీ పొట్లాలు, టీలు. మళ్లీ దారిలో పడ్డాను.

తుంగభద్ర గారూ, నాన్నగారు ఎలా ఉన్నారు?

తుంగభద్ర
జూన్ 22, ఉదయం 6.45

బాగున్నారండీ. ప్లేట్‌లెట్లు 1.3 దగ్గరే నిలబడ్డాయి. మిల్లుకు వెళ్తున్నారు.

డాక్టర్ గారూ, ఒక ప్రశ్న. మా తమ్ముడికి 31 ఏళ్లు, 57 కిలోలు, అచ్చం నాన్న పోలికే. ఇంట్లో ఒకరికి సిరోసిస్ ఉంటే మిగతావారు కూడా చూపించుకోవాలని నిపుణులు అన్నారు. వాడేమో నాకేం లోటు, సన్నగానే ఉన్నానుగా అంటున్నాడు.

ఇందూరు ఫిజీషియన్
జూన్ 22, ఉదయం 7.10

తప్పకుండా చూపించండి, మీరు కూడా చూపించుకోండి. ఈ జబ్బుతో సిరోసిస్ వచ్చినవారి దగ్గరి రక్తసంబంధీకుల్లో ముదిరిన మచ్చలు ఉండే అవకాశం, మిగతావారితో పోలిస్తే, 12 రెట్లు ఉందని అమెరికాలో శాన్‌డియాగో వారు 2017లో తేల్చారు. పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులో మార్పు కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. 35 ఏళ్ల లోపు వారిలో ఫిబ్-4 లెక్క అంత నమ్మకంగా పనిచేయదు, కాబట్టి మీ తమ్ముడికి నేరుగా ఫైబ్రోస్కాన్ చేయించండి. నడుము కొలిచి పంపండి.

తుంగభద్ర
జూన్ 22, రాత్రి 8.50

కొలిచాను. 91 సెంటీమీటర్లు. టేపు చూశాక వాడే సోమవారం సెలవు పెట్టాడు. పరగడుపున రక్తం ఇచ్చి, అటు నుంచి అటే ఫైబ్రోస్కాన్‌కు వెళ్తున్నాం.